ఫ్లాట్ అమ్మాలంటే సైటా, బ్రోకరా?

విజయవాడలో పాత ఫ్లాట్ అమ్మాలంటే నన్నడిగితే బ్రోకర్‌కే ఇమ్మంటా. అట్లాగని ఆన్‌లైన్ దండగ అనట్లేదు, 99 ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్ లాంటి సైట్లలో ఓనర్లు ఊరికే పెట్టుకోవచ్చు, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ఇక్కడ కొనాలనుకునేవాళ్ళ కంట పడాలంటే అదే దారి. కానీ మా పటమట ఫ్లాట్ పెట్టగానే ఫోన్లు చేసినోళ్ళలో సగం మంది కొనేవాళ్ళు కాదు, బ్రోకర్లే! "సార్, పార్టీ రెడీగా ఉంది, ఒక శాతం ఇస్తానంటే తీసుకొస్తా" అని.

అసలు సంగతి రేటు. సైట్‌లో కనిపించేది అమ్మేవాళ్ళు అడిగే రేటు, డాక్యుమెంట్‌లో చాలాసార్లు ఉండేది రిజిస్ట్రేషన్ కోసం గవర్నమెంటు పెట్టిన మార్కెట్ వాల్యూకి దగ్గర్లో ఉండే అంకె, మరి పైఫ్లోర్ వాళ్ళది మొన్న నిజంగా ఎంతకి తెగిందో తెలియాలంటే రోజూ ఆ సందుల్లో తిరిగే బ్రోకర్‌నే అడగాలి. తెలుసు కాబట్టి మనకి నిజమే చెప్తాడని కాదు, అది వేరే కథ.

ఇంకోటి, ఇక్కడ కొనేవాళ్ళు అడిగేవాటికి సైట్‌లో గడి ఉండదు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగిన దగ్గర్నుంచి ఊళ్ళో ఎక్కడ చూపించినా ముందు అడిగేది "నీళ్ళొచ్చినయ్యా?" అనే. మాకొచ్చిన ఒకాయన సెల్లార్‌లో వంగి గోడ అడుగున మరకలున్నయ్యేమోనని వేలితో గీకి మరీ చూశాడు, వాళ్ళావిడేమో వంటగదిలో నిలబడి పొయ్యి ఏ మూల వస్తుందో లెక్కేసుకుంటోంది, నాన్నగారు ఏం చెప్పాలో తోచక నిలబడిపోతే బ్రోకర్ గారే అందుకుని "ఆగ్నేయమేనమ్మా, ఇట్టా తూర్పుకి తిరిగి వండుకుంటారు" అన్నారు, ఆ నీళ్ళ సంగతి వాచ్‌మెన్‌ని పిలిచి అతని నోటితోనే చెప్పించారు. ఆ పని మావల్ల అయ్యేది కాదు.

అయితే ఆయన లెక్క ఆయనది. 60 లక్షలకి ఒక శాతం అంటే 60 వేలు. మనకోసం కష్టపడి ఇంకో 2 లక్షలు లాగితే ఆయనకి అదనంగా మిగిలేది 2 వేలు, పైగా అవతలి వాళ్ళ దగ్గర కూడా కమీషన్ ఉంటుంది కాబట్టి బేరం తొందరగా తెగితే చాలు. "ఇచ్చేయండి సార్, మళ్ళీ ఇట్టాంటి పార్టీ దొరకదు" అని తొందరపెట్టినప్పుడే సైట్ నుంచి వచ్చిన ఫోన్లు పనికొస్తయ్, ఎవరు ఎంతకి అడిగారో చెప్పి కాస్త ఆగొచ్చు. ఐదారుగురు బ్రోకర్లకి మాత్రం ఇవ్వకండి, ఒకే ఫ్లాట్ తలా ఒక రేటుతో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుద్ది, ఇక "దానికేదో లిటిగేషన్ ఉందంట" అనే మాట పుట్టిందంటే ఆపలేం.

కమీషన్ ఎంత, ఎప్పుడివ్వాలి అనేది ముందే తేల్చుకోండి, మేం రిజిస్ట్రేషన్ అయిన రోజే అనుకున్నాం. బయానా క్యాష్‌గా 20 వేలు గానీ ఆపైన గానీ తీసుకుంటే తీసుకున్నవాళ్ళకే ఆ తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు, చెక్కో ఆన్‌లైనో మేలు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళు మనకిచ్చే డబ్బులో 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) పట్టుకుని కట్టాలి, అది మన పాన్ మీద పడిందో లేదో చూసుకోవాల్సింది మనమే. ఈ రెండూ సైట్ చెప్పలేదు, బ్రోకర్ గారూ చెప్పలేదు, మా ఆడిటర్ గారు చెప్పారు, ఆయన ఫీజు వేరే అనుకోండి.