కోవళం సముద్రం, నా కొత్త సూట్

మొన్న ఆదివారం తెల్లారకముందే నేనూ తమ్ముడూ చెన్నై వేళచ్చేరి నుంచి బండి మీద ఈస్ట్ కోస్ట్ రోడ్డు పట్టుకుని కోవళం వెళ్లాం, ఫ్రీడైవింగ్‌కి, అంటే సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగడానికి. ఎండ ఎక్కితే గాలి లేస్తుంది, అలలకి నీళ్లు మసకైపోతాయి, ఇంక కింద ఏమీ కనపడదు.

పోయినసారి కాటన్ టీషర్టుతోనే దిగా. చెన్నై నీళ్లు 28 డిగ్రీలు ఉంటాయి కదా, ఒళ్లంతా కప్పే రబ్బరు వెట్‌సూట్ దేనికి అనుకున్నా. ముప్పావుగంటకే వణుకొచ్చేసింది, నీళ్లు గాలికన్నా 20 రెట్లకు పైగా వేగంగా ఒంట్లో వేడి లాగేస్తాయంట. పైగా జెల్లీఫిష్ తగిలి మోచేతి మీద ఎర్రగా వాతలు తేలాయి, వారం రోజులు మంట.

అందుకే ఈసారి సూట్ కోసం బాగా తిరిగా. షాపాయన 5 ఎంఎం అంటగట్టబోయాడు, వద్దన్నా. మన నీళ్లకి అంత మందం ఉడకబెట్టేస్తుంది, అది మనల్ని పైకి తేల్చేస్తుంది కూడా, దిగాలంటే నడుముకి సీసం ఎక్కువ కట్టుకోవాలి. 2 ఎంఎం తీసుకున్నా. నన్నడిగితే మందం కన్నా కొలతే ముఖ్యం, చంకల కింద, నడుం వెనక గుంటలో ఖాళీ ఉందంటే కదిలినప్పుడల్లా చల్లనీళ్లు లోపలికొచ్చి పోతుంటాయి. అలాగని ఛాతీ పట్టేయకూడదు, నిండా ఊపిరి పీల్చి చూసి మరీ కొన్నా.

ఫ్రీడైవింగ్ సూట్‌కి లోపల గుడ్డ ఉండదు, ఉత్త స్పాంజి రబ్బరే, పొడిగా ఉంటే ఒంటికి అతుక్కుపోతుంది. నీళ్లలో కాస్త కండిషనర్ కలిపి లోపల పోసి జారించాలి. మా కోచ్ విశాఖ ఆయన, "ముందు గోళ్లు చూపించమ్మా" అన్నారు. కత్తిరించే వచ్చా. తమ్ముడు మాత్రం "ఆగక్కా, నేను లాగుతా" అని భుజం దగ్గర పట్టి లాగాడు, వాడి బొటనవేలి గోరు దిగి సూట్ నెలవంకలా చీలింది. ప్రాణం ఉసూరుమంది.

అయినా దిగా. కోచ్ పైన తేలుతూ నన్నే చూస్తున్నారు, నేను తాడు పట్టుకుని మెల్లగా కిందకి. మొదట సూట్ పైకి లాగింది, 7 మీటర్ల దగ్గర ఆ లాగుడు బాగా తగ్గింది, రబ్బరులో గ్యాస్ బుడగలు ఒత్తిడికి నలిగిపోతాయి కదా, 10 మీటర్లకి సగం అయిపోతాయి. చెవుల్లో నిశ్శబ్దం. ఎంత బావుందో!

గంటన్నర ఉన్నా వణుకు లేదు. ఉత్త లైక్రా చొక్కాతో దిగిన తమ్ముడు పడవలో తువ్వాలు కప్పుకుని ముడుచుకున్నాడు.

ఇంటికొచ్చి మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేశా. మర్నాడు చీలిక అంచులకి నియోప్రీన్ (ఈ సూట్ రబ్బరు) జిగురు పూసి, కాస్త ఆరనిచ్చి, వేళ్లతో గట్టిగా నొక్కా. అతుక్కుంది, గీత మాత్రం కనిపిస్తోంది.