వేపచెట్టు నీడలో బాల్సమ్: రెండో ఏడు పూసింది

మాది నెల్లూరు. ఇంటికి ఉత్తరం వైపు గోడకీ ప్రహరీకీ మధ్య ఆరడుగుల సందు, దాని చివర పెద్ద వేపచెట్టు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మా అత్తమ్మ నవారు మంచం వేసుకుని కూర్చునేది అక్కడే. నా మొక్కలన్నీ మేడ మీద, ఆమెకేమో మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. "పైన ఏం పూసినాయో నువ్వు చెప్తే వినడమే గదమ్మా నాకు" అంది ఒకరోజు. ఆ మాట వదల్లేదు నన్ను. ఆ సందులో అప్పటికే మందారం పెట్టి చూశాను, బంతి పెట్టి చూశాను, ఆకులు తప్ప పువ్వు లేదు. నీడలో పూసేదేదైనా ఉందా అని నర్సరీలో అడిగితే బాల్సమ్ చూపించారు.

ఆ పేరుతో రెండు రకాలు అమ్ముతారు, కొనేముందు చూసుకోండి. ఒకటి మన ఊళ్లలో చిన్నప్పటి నుంచి చూసేదే, నిటారుగా పెరిగి కాండం పొడవునా పూలు అంటుకుని పూస్తుంది, కాయ పండాక వేలు తగిలితే చాలు టప్పున చిట్లి గింజలు చిమ్ముతుంది. అది కొంచెం ఎండ కోరుకుంటుంది. రెండోది ఇంపేషన్స్ వాలెరియానా, తూర్పు ఆఫ్రికా అడవుల నీడలో పెరిగే జాతి, గుబురుగా ఉండి పైన పరిచినట్టు పూస్తుంది. నాకు కావలసింది ఈ రెండోది.

జూన్‌లో ఆరు మొక్కలు తెచ్చాను. ఆ నెల తేవడమే మొదటి తప్పు, మన దగ్గర జూన్ అంటే ఇంకా వడగాలులే. పొద్దున కళకళలాడే మొక్క పన్నెండయ్యేసరికి తోటకూర కట్టలా వాలిపోయేది. నేను దాహం అనుకుని చెంబుతో నీళ్లు పోసేదాన్ని, సాయంత్రం మళ్లీ లేచేది, దాంతో నీళ్లు పోయడం వల్లే లేచిందనుకుని మరుసటి రోజు ఇంకా ఎక్కువ పోసేదాన్ని. నిజానికి అది వేడికి వాలింది, చల్లబడ్డాక దానంతటదే లేచింది. పది రోజులకు మొదలు దగ్గర కాండం మెత్తబడి నల్లగా అయింది, పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేసింది. మూడు అలా పోయాయి. మిగతా మూడు కుళ్లలేదు గానీ ఆకుల అంచులు గోధుమ రంగులోకి మాడిపోయాయి, నీడలో ఉన్న మొక్క మాడడమేంటో నాకు అర్థం కాలేదు. ఎరువు తక్కువేమో అనుకున్నాను. ఒకరోజు ఖాళీ కుండీ కడుగుతుంటే అంచు చుట్టూ తెల్లటి పొర గట్టిగా పట్టి ఉంది, మా బాత్రూమ్ బకెట్‌కి ఉండే పొరే! మా బోరు నీళ్లు ఉప్పన. మందారం ఎలాగో తట్టుకుంది, ఈ సున్నితమైన వేళ్లు తట్టుకోలేకపోయాయి.

మరుసటి ఏడు తొందరపడలేదు. మనకు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వచ్చేవే కదా, మేడ మీది పైపు కింద పెద్ద డ్రమ్ము పెట్టి ఆ నీళ్లు పట్టాను. విత్తనం కంటే కొమ్మ సులువు. మా వీధిలో ఒకామె దగ్గర నాలుగు అంగుళాల కొమ్మలు ఎనిమిది తెచ్చి, కింది ఆకులు తుంచి, గాజు గ్లాసులో వాననీళ్లు పోసి వంటింటి కిటికీలో పెట్టాను. వారం తిరిగేసరికి కణుపు దగ్గర తెల్లటి చుక్కలు లేచాయి, తర్వాత అవి దారాల్లా సాగాయి. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని రోజూ ఆ గ్లాసు ఎత్తి చూసేది. వేళ్లు అంగుళం అయ్యాక కుండీలోకి మార్చాను: కోకోపిట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, వర్మికంపోస్ట్ (వానపాముల ఎరువు) ఒక పాలు, పెన్న ఇసుక ఒక పాలు. కోకోపిట్ కూడా మంచినీళ్లలో రెండుసార్లు నానబెట్టి పిండాకే వాడాను, అందులోనూ ఉప్పు ఉంటుంది. కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నీళ్లు, అదీ మొక్క మొదలు దగ్గర, ఆకుల మీద కాదు. తుఫాను వానలప్పుడు అన్నిటినీ సన్‌షేడ్ కిందికి జరిపాను.

చీకట్లో పెడితే పూయదు. నీడ అంటే పొద్దున పూట గంటా రెండు గంటల లేత ఎండ, తర్వాత వెలుతురు. సందు లోపలి మూల పెట్టినవి సాగిపోయి పూలు తక్కువ, తూర్పు మొగన పెట్టినవి గుబురుగా నిండుగా. నాలుగైదు జతల ఆకులు వచ్చాక తల తుంచాను, ప్రాణం ఒప్పలేదు గానీ తుంచినందుకే పక్క కొమ్మలు వచ్చాయి. సంక్రాంతికి సందు అంతా గులాబీ, తెలుపు, నారింజ. పండగ పూట వచ్చినవాళ్లని అత్తమ్మే చేయి పట్టుకుని అటు తీసుకుపోయింది.

ఫిబ్రవరి చివర్లో నేను ఊహించనిది జరిగింది. వేపచెట్టు ఆకు రాల్చింది. నీడనుకున్న చోట నడినెత్తిన ఎండ, రెండు రోజుల్లో పూలు ముడుచుకుపోయాయి. గబగబా యాభై శాతం షేడ్ నెట్, అంటే ఎండను సగం ఆపే వల, తెచ్చి ప్రహరీకీ కిటికీ చువ్వలకీ కట్టాను, కొత్త చిగుళ్లు నిండేదాకా అలాగే ఉంచాను. మార్చి ఆఖరు దాకా పూశాయి.

ఎండాకాలం మొత్తం మొక్కల్ని నిలబెట్టాలని నేను పాకులాడడం లేదు. ఏప్రిల్‌లోనే ఆరు కొమ్మలు తుంచి చిన్న కుండీల్లో పెట్టి ఇంట్లో చల్లటి కిటికీ దగ్గర ఉంచాను, డ్రమ్ము అడుగంటాక తాగే నీళ్ల క్యాన్‌లోంచి రోజుకు అర గ్లాసు. నాలుగు బతికాయి. "నారింజది ఈసారి నా మంచం పక్కనే పెట్టు" అని అత్తమ్మ ఇప్పటికే చెప్పింది.