ఉప్పు డబ్బా మార్చే ముందు

పొటాషియం కలిపిన ఉప్పు వాడితే పక్షవాతం 14 శాతం తగ్గుతుందని చాలాచోట్ల రాస్తున్నారు. ఆ అంకె నిజమే. కానీ అది ఎవరి మీద, ఎలాంటి ఉప్పుతో తేలిందో తెలిస్తేనే మన వంటింటికి పనికొస్తుంది.

అధ్యయనం జరిగింది ఉత్తర చైనాలోని 600 పల్లెల్లో, 20,995 మందితో. ఫలితాలు 2021లో వచ్చాయి. సగం ఊళ్లు మామూలు ఉప్పే వాడాయి. మిగతా సగానికి సుమారు 75 పాళ్లు సోడియం క్లోరైడ్, 25 పాళ్లు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పును ఉచితంగా ఇచ్చారు. మామూలు ఉప్పు ఊళ్లలో ఏడాదికి వెయ్యి మందికి 33.65 పక్షవాతాలు, మార్చిన ఊళ్లలో 29.14. తేడా నాలుగున్నర. అంటే ఇంచుమించు 45 మంది ఐదేళ్లు వాడితే ఒక పక్షవాతం తప్పుతుంది. ఉప్పు ప్యాకెట్ మార్చడంతో ఇంత జరగడం చాలా పెద్ద సంగతి. మరణాలు కూడా తగ్గాయి: అదే లెక్కన మామూలు ఉప్పు ఊళ్లలో 44.61, మార్చిన ఊళ్లలో 39.28. అయితే అధ్యయనంలో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 65, నూటికి 72 మందికి పైగా అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న ముప్పై ఏళ్లవాళ్లు ఈ లెక్కను తమకు అన్వయించుకోకూడదు.

ప్యాకెట్ వెనక పొటాషియం క్లోరైడ్ ఎంత శాతమో చూడండి. 15 శాతమే ఉంటే ఇదే ఫలితం వస్తుందని అనుకోవద్దు. సైంధవ లవణం ఈ కోవలోకి రాదు, అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. అసలు తప్పు జరిగేది ఉప్పు వేసే దగ్గర. ఉప్పదనం తక్కువనిపించి మూడు చెంచాలు పడే చోట నాలుగు వేస్తే సోడియం లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. పైగా పొటాషియం ఎక్కువైతే నాలుకకు కాస్త చేదు తగులుతుంది. కొని తెచ్చిన పచ్చళ్లు, అప్పడాల్లో ఉండేది సాధారణంగా మామూలు ఉప్పే, వాటిని తగ్గించకుండా డబ్బా ఒక్కటే మారిస్తే లాభం సగంలోనే ఆగిపోతుంది.

ఇక కిడ్నీలు. ఒంట్లో ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది అవే. తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లనీ, పొటాషియాన్ని ఒంట్లో నిలిపే మూత్రం మాత్రలు వేసుకునేవాళ్లనీ ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు. మిగతావాళ్లలో పొటాషియం ప్రమాదం పెరగలేదన్న భరోసా వాళ్లకు వర్తించదు. రక్తంలో పొటాషియం పెరిగితే ముందుగా ఏ లక్షణమూ కనబడకుండానే గుండె లయ తప్పవచ్చు. అలాంటి మూత్రం మాత్రే అయిన స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. మామూలు ఉప్పుకు బదులు ఇలాంటి ఉప్పు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన సిఫార్సు కూడా పిల్లలకు, గర్భిణులకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు వర్తించదు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం పల్లెల్లో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. కిడ్నీ జబ్బు చాలా ముదిరేదాకా మనిషికి తెలియదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించాకే ఆలోచించాలి. ఇంట్లో అందరికీ వండేది ఒకే గిన్నెలో. ఒక్కరికి కిడ్నీ జబ్బు ఉన్నా ఆ ఇంట డబ్బా మార్చకండి, మామూలు ఉప్పునే తగ్గించి వేయండి.