గుర్రుమనడం మానేసిన కుక్క

పద్మారావునగర్‌లోని మా ఫ్లాటులో మూడేళ్లుగా ఉంటున్న చుక్క దేశవాళీ కుక్క. అన్నం తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరికి వెళ్తే గుర్రుమనడం దానికి పిల్లప్పటి నుంచీ ఉంది. "తినేటప్పుడు దాని జోలికి పోకండమ్మా" అని మా అత్తగారు అనేవారు, మేమూ అలాగే నడుచుకునేవాళ్లం. అయితే మా పాప పాకడం మొదలుపెట్టాక నాకు భయం పట్టుకుంది.

తెలిసినవారు చెప్పిన ఒక శిక్షకుణ్ణి పిలిచాము. అది తింటుండగా గిన్నెలో చెయ్యి పెట్టాలని, గుర్రుమంటే మెడగొలుసు బిగించి లాగాలని, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో దానికి తెలిసిరావాలని ఆయన చెప్పారు. పది రోజుల్లో గుర్రుమనడం ఆగిపోయింది. మరుసటి రోజు గిన్నె జరపబోయిన మావారి వేలిని అది ఏ చప్పుడూ చేయకుండా కరిచింది. గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బుతో కుళాయి నీటి కింద కడిగి, నారాయణగూడలో రేబిస్ టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకు వెళ్లి ఆయన రేబిస్ టీకా వేయించుకున్నారు.

అప్పుడు చేయవలసి వచ్చిన పని నిజానికి మేము మొదటే చేయవలసినది: చుక్కను పశువైద్యురాలికి చూపించాము. నొప్పితో ఉన్న కుక్క కూడా కసురుకుంటుంది కనుక ఆమె పళ్లు, చెవులు, నడుము పరీక్షించి, ఎడమ చెవిలో ఇన్ఫెక్షను ఉందని మందు ఇచ్చారు. చెవి నయమైంది గానీ గిన్నె దగ్గరి భయం పోకపోవడంతో, కుక్కల ప్రవర్తన మీద పనిచేసే మరొకరి దగ్గరికి ఆమే పంపారు.

ఆవిడ మొదటి రోజు చుక్కను ముట్టుకోనైనా లేదు. గిన్నె పెట్టించి, నన్ను మెల్లగా నడిచి రమ్మని, సుమారు ఆరడుగుల దూరంలో ఆపారు. చుక్క నమలడం ఆపి, వంచిన తల వంచినట్టే ఉంచి బిగుసుకుపోయింది. తల తిప్పకుండా, కంటి తెలుపు కనబడేలా ఓరగా నన్ను చూసి, మరుక్షణం గబగబా మింగసాగింది. మూడేళ్లుగా నా కళ్ల ముందు జరుగుతున్నదే ఇది, నేను ఒక్కసారి కూడా గమనించలేదు. ఈ హెచ్చరికలేవీ పనిచేయనప్పుడు కుక్క చివరగా వాడే మాట గుర్రుమనడమని, దాన్ని శిక్షించి మేము హెచ్చరికను మాన్పించామే తప్ప భయాన్ని కాదని ఆవిడ వివరించారు.

ఇక చేసిన పనంతా ఓపికతో కూడినది. రోజుకు రెండు పూటలా, అది బిగుసుకుపోనంత దూరం నుంచి ఉడికించిన కార్జం ముక్క విసిరి, వెంటనే వెనక్కి వెళ్లిపోవాలి. మనిషి వస్తే గిన్నె పోతుందన్న భయం స్థానంలో, మనిషి వస్తే ఇంకా మంచిది దొరుకుతుందన్న నమ్మకం కుదరాలి. దూరాన్ని అర అడుగు చొప్పున తగ్గించాము, బిగుసుకుంటే మళ్లీ పెంచాము. ఐదో వారంలో నా అడుగుల చప్పుడు విని, గిన్నెలోంచి తలెత్తి తోక ఊపింది.

మన దేశంలో పశువైద్యుడికి వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషను తప్పనిసరి, కుక్కల శిక్షకుణ్ణి మాత్రం అటువంటిదేమీ అడగరు. అందువల్ల డబ్బు కట్టే ముందు, కుక్క తప్పు చేస్తే మీరేం చేస్తారని అడగండి. గొలుసు, కర్ర, కరెంటు షాకిచ్చే మెడపట్టీ అన్న జవాబు వస్తే, ఎంత పేరున్నవారైనా సరే, వద్దనండి. కుక్కలకు ప్రోత్సాహక పద్ధతులతోనే శిక్షణ ఇవ్వాలని అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం 2021లో స్పష్టంగా ప్రకటించింది.

ఇప్పటికీ చుక్క భోజనం వంటింటి గేటు లోపలే, పాప గేటు ఇవతల. మొన్న నేను తొందరలో దానికి మరీ దగ్గరగా వెళ్లినప్పుడు, చాలాకాలం తరువాత సన్నగా గుర్రుమంది. నేను అక్కడే ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, ఒక కార్జం ముక్క విసిరాను.