బోల్టు తెరుచుకుంది

నా పాత రైఫిల్ బోల్టు పిడిని రెండు వేళ్లతో పైకి లేపాను. లేచింది! ఈ ఉదయం టెక్సస్‌లో, కాల్పుల రేంజి బల్ల దగ్గర ఎంత సంతోషించానో చెప్పలేను.

1943లో ఇజెవ్‌స్క్‌లో తయారైన మోసిన్ నాగాంట్ రైఫిల్ ఇది. పోయిన నెల నాలుగైదు తూటాలు కాల్చేసరికి, తూటా వెనక తలుపులా మూసుకునే బోల్టు బిగుసుకుపోయేది. అరచేత్తో కొట్టి తెరవాల్సి వచ్చేది.

తప్పు బోల్టుది కాదు. నిల్వ కోసం పూసిన గ్రీజు ఛాంబర్ (తూటా కూర్చునే గది) గోడలకు గట్టిపడి అంటుకుంది. ఇనుము వేడెక్కగానే అది జిగురై కాల్చిన తూటా ఖాళీ తొడుగును పట్టేసుకునేది.

నిన్న రాత్రి ముందు ద్రావకంతో ఆ గ్రీజును కరిగించాను. తర్వాత బ్రష్‌కు నూలు గుడ్డ చుట్టి, మెటల్ పాలిష్ కాస్త రాసి, డ్రిల్లుతో నెమ్మదిగా తిప్పాను. గుడ్డ తారులా నల్లగా వచ్చింది. మార్చాను. మళ్లీ నలుపే. మూడో గుడ్డ తర్వాత టార్చి వేసి చూస్తే ఛాంబర్ గోడ తళతళలాడింది. పాలిష్ చుక్క కూడా మిగలకుండా తుడిచాను.

బ్యారెల్ లోపలికి మాత్రం పాలిష్ పోనివ్వలేదు. పాలిష్‌లో ఉండేది సన్నని రాపిడి పొడి. బ్యారెల్ లోపల తూటాను తిప్పే గాడుల అంచులు, బ్యారెల్ మూతి అంచు అరిగితే గురి తిరిగి రాదు. పాత సోవియట్ తూటాలు బ్యారెల్‌లో వదిలే, తుప్పు పట్టించే ఉప్పుకు వేడినీళ్లే మందు; ఆరాక నూనె.

ఈరోజు ఇరవై తూటాలు కాల్చాను. ఇరవైసార్లూ వేళ్లతోనే తెరిచాను. అరచేతిలో కమిలిన మచ్చ ఇంకా మానలేదు.