కెంపు కింద వెలుగు

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున ఎనిమిదింటికి కూర్చున్నదాన్ని సాయంత్రం అయిదింటికి లేచాను. అందులో ఎక్కువ భాగం మూడు మిల్లీమీటర్ల మీదే పోయింది. అతిశయోక్తి కాదు, స్కేలు పెట్టి కొలిచాను. తమ్ముడి మంత్రగాడి చేతికర్ర చివర గుండ్రటి రాయి ఒకటుంది. అడ్డంగా సరిగ్గా మూడు మిల్లీమీటర్లు.

తమ్ముడు శనివారం రాత్రుళ్లు స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాడు, తలా ఒక పాత్ర వేసుకుని బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. అందులో వాడో ముసలి మంత్రగాడు. వాళ్లలో ఒకబ్బాయి ఇంట్లోనే త్రీడీ ప్రింటర్‌లో రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో ఆ ముసలాయన బొమ్మ తీసిచ్చాడు. నిలబెడితే 32 మిల్లీమీటర్లు, నా బొటనవేలి పై కణుపంత. "అక్కా, నువ్వు ముగ్గులు బాగా వేస్తావుగా, దీనికి రంగులెయ్యవా" అని నాలుగు నెలల కిందట నాకు అంటగట్టాడు. ముగ్గుకీ దీనికీ ఏం సంబంధమో వాడికే తెలియాలి. ధైర్యం చాలక ముందు వేరే బొమ్మలు తెప్పించి చేయి తిప్పుకున్నాను. మంత్రగాడు పదకొండోవాడు. అంగీ, గడ్డం, టోపీ పోయిన వారం అయిపోయాయి. మిగిలినవి కర్ర మీది రాయి, నడుం పట్టీకి మూడు చిన్న రాళ్లు, పక్కన వేలాడే మందు సీసా. అంటే మెరవాల్సినవన్నీ చివరికి మిగిల్చుకున్నాను. భయమే కారణం.

అమ్మ గురువారం ఏలూరు నుంచి వచ్చింది. దసరా దాకా ఉంటుంది. కాఫీ పట్టుకొచ్చి, నేను బ్రష్షు మొన పెదాల మధ్య తిప్పి సన్నగా చేసుకోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏమే, ఆ బ్రష్షు నోట్లో పెట్టుకుంటున్నావా? ఎంగిలి! పైగా రంగు!"

బొమ్మలకు రంగులేసేవాళ్లలో చాలామందికి ఈ అలవాటు ఉంటుందమ్మా అన్నాను. "ఉంటే? వాళ్లకి చెప్పేవాళ్లు లేకేమో" అంది. అక్రిలిక్ రంగుల్లోనూ నోట్లోకి పోకూడనివి ఉంటాయి, అమ్మ మాటే రైటు. అయినా చెయ్యి వినదు.

మొదటి ప్రయత్నం గురించి ఎక్కువ రాయను. రాయంతా ఎర్రగా పూసి, వెలుగు పైనుంచి పడుతుంది కదా అని పైన లేత ఎరుపు, కింద ముదురు ఎరుపు వేశాను. అంగీ మడతలకీ బుగ్గలకీ అదే సూత్రం, ఇన్నాళ్లూ పని చేసింది. రాయి మాత్రం పండిన రేగుపండులా వచ్చింది. తప్పు కనిపించదు, రాయీ కనిపించదు. ఎర్రటి వస్తువేదో కర్రకి గుచ్చినట్టుంది, అంతే. ఎరుపుని లేత చెయ్యడానికి తెల్ల రంగు కలిపాను కాబట్టి పైభాగం గులాబీ రంగుకి తిరిగింది. అది ఇంకో దరిద్రం.

పదకొండింటికి కరెంటు పోయింది. దీపపు వెలుతురు పోయింది కదా అని బొమ్మ పట్టుకుని కిటికీ దగ్గరికి జరిగాను. అమ్మ అక్కడ కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. చెవులకి అమ్మమ్మ కమ్మలు. మధ్యలో నున్నటి కెంపు, కింద వేలాడే ముత్యం. నా చిన్నప్పట్నుంచీ చూస్తున్నవే.

"ఒకసారి తీసివ్వవా" అన్నాను.

కమ్మని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాను. కెంపు పైభాగం ముదురుగా ఉంది, దాదాపు నల్లగా. ఆ నలుపులో ఎడమ పక్క పైన చిన్న తెల్లటి మచ్చ. కళ్లు చికిలించి చూస్తే అది మచ్చ కాదు, మా కిటికీ! రెండు ఊచలు కూడా లెక్కపెట్టాను. ఇక రాయి అడుగున, బంగారపు అంచుకి ఆనుకుని, నెలవంకలా నిప్పు రంగు. వెలుగు పడే వైపు చీకటి, పడని వైపు మంట. దాని కిందే వేలాడుతున్న ముత్యం సరిగ్గా దానికి ఎదురు. పైన తెలుపు, కిందికి పోయేకొద్దీ బూడిద రంగు. ఒకే కిటికీ, ఒకే కమ్మ, అంగుళం కూడా లేదు మధ్యలో. పొద్దున నేను వేసింది కెంపు కాదు, ఎర్ర ముత్యం.

ముత్యం మీద పడిన వెలుగు పైనుంచే వెనక్కి వచ్చేస్తుంది. పగడమూ అంతే. కెంపులోకి వెలుగు దూరుతుంది, లోపల వంగి, అవతలి అంచు దగ్గర పోగవుతుంది. పైన మనకి కనిపించేది రాయి మీది ప్రతిబింబం ఒక్కటే, మిగతా వెలుగంతా లోపలికి పోయింది. ఇంటర్‌లో వక్రీభవన గుణకాలు బట్టీ పట్టాను. గాజుకి 1.5, వజ్రానికి 2.42 అని ఇప్పటికీ నోటికొస్తాయి. పరీక్షలో రాశాను, మార్కులొచ్చాయి. ఆ పాఠం ఇంట్లో అమ్మ చెవికే వేలాడుతోందని తట్టలేదు.

"ఏంటే అంతసేపు, తాకట్టు పెడతావా" అంది అమ్మ.

అప్పుడే రెండో కమ్మ కూడా తీసిచ్చింది. దాంట్లో కెంపు గుడ్డిది. ఎండిపోయిన రక్తపు బొట్టులా ఉంటుంది, ఎటు తిప్పినా వెలగదు. రాయి మంచిదేనట. పాతకాలం నగల్లో రాయి వెనక మూసేసి, అడుగున మెరిసే పల్చటి రేకు పెట్టేవారు. తలంటు పోసుకున్నప్పుడు నీళ్లు దూరి ఆ రేకు నల్లబడిపోయిందని అమ్మ చెప్పింది. "రాయి ఏం చేస్తుంది పాపం, వెనకాల మెరుపు పోతే" అని మళ్లీ చిక్కుళ్లలో పడింది.

కరెంటు వచ్చాక రెండోసారి మొదలుపెట్టాను. ఈసారి రాయంతా నలుపుకి దగ్గరగా ఉండే మెరూన్. ఆరాక పైన కొంత మెరూన్ వదిలేసి కింది రెండు వంతులూ ఎరుపు. ఆ తర్వాత కింది సగం ఇంకాస్త మంచి ఎరుపు. తర్వాత ఎరుపులో నారింజ కలిపి అడుగు అంచున నెలవంక, ఆ నెలవంక మధ్యలో ఉత్త నారింజ ఓ వెంట్రుకంత. ఎరుపుకి తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, నారింజ కలిపితే మండుతుంది. పొద్దున్నే నేర్చుకున్నాను కదా. పచ్చ అయితే అడుగున పసుపు కలిసిన ఆకుపచ్చ, నీలం అయితే అడుగున ఆకాశం రంగు. అది నడుం పట్టీ మీద తర్వాత చూశాను.

రంగు పాల మీగడలా కాదు, పాలలా ఉండాలి. రెండు రంగుల మధ్య గీత కనిపించకుండా పోవాలంటే పల్చటి పూతలు నాలుగైదు పడాల్సిందే. రంగులు కలుపుకునే నా పాలెట్ ఒక మిఠాయి డబ్బా. అడుగున తడిపిన టిష్యూ, దాని మీద బటర్ పేపర్. రంగు గంటల తరబడి ఆరదు. ఇంకో మాట, నాలాంటి కొత్తవాళ్లంతా చేసే తప్పే నేనూ చేశాను. చిన్న రాయికి చిన్న బ్రష్షు అనుకుని మూడు సున్నాల బ్రష్షు కొన్నాను. దాని నాలుగు వెంట్రుకల్లో రంగు నిలవదు, రాయి దాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. ఒకటో నంబరు బ్రష్షు లావుగా కనిపిస్తుంది గానీ మొన సూదిలా ఉంటే చాలు. పొట్టలో రంగు ఉంటుంది, మొన పని చేస్తుంది.

రాయి వచ్చింది. నిజంగా వచ్చింది! ఇక తెల్ల చుక్క ఒక్కటే. ఆ సంతోషంలో చుక్క పెద్దదైపోయింది. మంత్రగాడి కర్ర చివర నుంచి ఏదో ఎర్ర కన్ను నన్ను చూస్తోంది. నల్లగుడ్డులో మెరుపులా మధ్యలోకి జరిగింది మరి. తుడవబోతే కింది పూత కూడా కదిలింది. పై సగం మళ్లీ మెరూన్ నుంచి. మధ్యాహ్నం భోజనం రెండున్నరకి. అమ్మ ఏమీ అనలేదు, చారు రెండుసార్లు వేడి చేసింది.

మూడోసారి బ్రష్షు పక్కన పెట్టి గుండుసూది తీసుకున్నాను. సూది మొనని తెల్ల రంగులో ముంచి, ముందు గోటి మీద రెండు చుక్కలు పెట్టి చూసుకుని, ఆ మిగిలిన కొంచెంతో రాయికి ఎడమ పైన, బాగా ముదురుగా ఉన్న చోట ఒక్కసారి తాకించాను. మధ్యలో కాదు, అంచు మీదా కాదు, చీకటి లోపల. ఊపిరి బిగబట్టానని చుక్క పడ్డాకే తెలిసింది.

ఈ రాళ్ల మోజు ఎక్కువగా వార్‌హామర్ ఆడేవాళ్లది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉండే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల ఆట అది, ఇలాంటి చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధం. అంతరిక్షంలో జరిగే వార్‌హామర్ 40,000 అయితే 1987లో వచ్చింది. అందులో ఎల్డార్ అనే జాతి వాళ్లు గుండెల మీద ఒక రాయి పెట్టుకుంటారు. చచ్చిపోతే ఆత్మ ఆ రాయిలోకి చేరుతుందట. దాంతో ఆ సైన్యానికి రంగులేసేవాళ్లు జీవితమంతా కోడిగుడ్డు ఆకారపు రాళ్లు వేస్తూనే ఉంటారు. వాళ్ల మీద జాలిపడే రాళ్ల కోసమే ప్రత్యేకం రంగులు అమ్ముతారేమో. స్పిరిట్‌స్టోన్ రెడ్, సోల్‌స్టోన్ బ్లూ, వేస్టోన్ గ్రీన్. వెండి రంగు మీద ఒక చుక్క వేస్తే చాలు, అదే రాయైపోతుంది.

నా దగ్గర అవి లేవు. టమియా అనే జపాన్ కంపెనీ వాళ్ల ఎక్స్-27 క్లియర్ రెడ్ ఉంది, 10 మిల్లీలీటర్ల బుల్లి సీసా. జామ్‌లా ఎర్రగా, అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. బొమ్మల కత్తుల మీద నెత్తురు వెయ్యడానికి కూడా చాలామంది ఇదే వాడతారు. నడుం పట్టీ మీది రాళ్లు మిల్లీమీటరు కూడా లేవు, వాటికి అయిదు రంగులు ఎవరు వేస్తారు? మధ్య రాయికి వెండి పూసి, ఆరాక పైన క్లియర్ రెడ్ వదిలాను. వదిలిన క్షణమే అర్థమైంది, ఇది అమ్మమ్మ కమ్మే. అడుగున రేకు, పైన ఎర్రటి గాజు. అటూ ఇటూ ఉన్న పచ్చనీ నీలాన్నీ మాత్రం మామూలు రంగులతోనే, మూడేసి పూతల్లో ముగించాను.

చేతిలో పట్టుకుని తిప్పితే ఆ వెండి మీద ఎరుపే ఎక్కువ మెరుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ బల్ల మీద, అడుగు దూరంలో, మసక వెలుతురులో పెట్టి చూశాను. వెండి మీది ఎరుపుకి వెలుగు ఇవ్వాలి, లేకపోతే నల్లబడుతుంది. నేను గీసిన కెంపు వెలుగున్నా లేకున్నా వెలుగుతూనే ఉంది. చిన్నవాటికి రేకు పద్ధతి, పెద్దదానికి చేతి పని. ప్రస్తుతానికి నా లెక్క ఇది.

మంత్రగాడి మందు సీసా పని తొందరగా అయిపోయింది. సగం దాకా ఆకుపచ్చ ద్రవం, ద్రవం పైఅంచున లేత గీత, పైన ఖాళీ గాజుకి వెనకాల ఉన్న అంగీ రంగే కాస్త బూడిద కలిపి. గాజుకి సొంత రంగు ఉండదు కదా, పక్కవాడి రంగే దాని రంగు. నిలువునా ఒక సన్నటి తెల్ల గీత గీస్తే సీసా అయి కూర్చుంది.

వార్నిష్ విషయంలో పోయిన నెల గుణపాఠం అయింది. ముందు రాళ్లకి మెరుపు వార్నిష్ వేసి, తర్వాత బొమ్మంతటికీ మ్యాట్ వార్నిష్, అంటే మెరుపు లేనిది, స్ప్రే కొట్టాను. రాళ్లు చచ్చిపోయాయి. పైగా ఆ రోజు ముసురు, గాల్లో తేమకి బొమ్మంతా విభూతి పూసుకున్నట్టు తెల్లబడింది. ఇవాళ బుద్ధిగా మ్యాట్ ముందు, అదీ డబ్బాలోది బ్రష్షుతో. రెండు గంటలు ఆగి, రాళ్లకీ సీసాకీ మాత్రం మెరుపు వార్నిష్ ఒక్కో చుక్క.

సాయంత్రం తమ్ముడు వచ్చి చూశాడు. "గడ్డం భలే ఉందక్కా" అన్నాడు. గడ్డం పోయిన వారానిది.

వాడు వెళ్లాక అమ్మ తన సంచిలోంచి పాత చీర ముక్కలో చుట్టిన మూట తీసింది. మట్టి లక్ష్మీదేవి, జానెడు. అమ్మమ్మ కొలువులో పెట్టిన బొమ్మ. కిరీటంలో మూడు రాళ్లు రంగు వెలిసి గోధుమ రంగు బొడిపెల్లా ఉన్నాయి. "వీటినీ అలా వెలిగించు" అంది. అని, కాస్త ఆగి, "కొత్త బ్రష్షు తియ్యి" అంది.

దాచుకున్న ఒకటో నంబరు బ్రష్షు తీశాను. నడిమి రాయికి మెరూన్ పూసి, ఎరుపు ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటున్నాను. పైన చీకటి, కింద మంట.

"దీపం ఎక్కడ పెడతాం?" అంది అమ్మ.

"ఏ దీపం?"

"కొలువు దీపం. కింది మెట్టు ముందు కదా పెట్టేది. అమ్మవారు పై మెట్టు మీద. వెలుగు కింద నుంచి పోతుంది."

"మరి ట్యూబ్‌లైటు?"

"హారతప్పుడు ఆర్పేస్తాంగా."

నిజమే. బొమ్మని బల్ల అంచున ఎత్తుగా పెట్టాను. అమ్మ ఫోను టార్చి వేసి అమ్మవారి పాదాల కింద పట్టుకుంది. ఈసారి మెరూన్ కింద వదిలి, ఎరుపు పైకి, నారింజ నెలవంక కిరీటం పైఅంచు వైపు. గుండుసూదితో చుక్క అడుగున. టార్చి కదిపితే రాయి కూడా కదిలినట్టనిపించింది.

ఇంకా రెండు రాళ్లున్నాయి. బ్రష్షు మొన చీలింది, సరి చేద్దామని అలవాటుగా చెయ్యి నోటి దాకా వెళ్లింది. అమ్మ దగ్గింది.