అల్మరా తలుపు మీద తొమ్మిది గడులు

మన కాలేజీ సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. ల్యాబుల గురించీ సార్ల గురించీ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నాకు బాగా తెలిసింది, ఇంకెవరూ రాయనిది ఒక్కటే ఉంది: బాయ్స్ హాస్టల్ రెండో అంతస్తులో మెట్ల పక్క గది, ఆ గదిలో చెక్క అల్మరా, దాని తలుపు లోపలివైపు సుద్దముక్కతో గీసిన తొమ్మిది గడులు.

మాది 2001-05 బ్యాచ్. రెండో సంవత్సరం మొదట్లో మా గదిలోకి కంప్యూటర్ వచ్చింది. ఖమ్మం వాడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో అసెంబుల్ చేయించుకుని, మానిటర్ ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. పెంటియం 3, 128 ఎంబీ ర్యామ్. సీ ప్రోగ్రాములు చేసుకోవడానికని ఇంట్లో చెప్పాడు. నెల తిరక్కుండానే ఒక సీనియర్ అన్న నాలుగు కాపీ సీడీలు చేతిలో పెట్టాడు. బాల్డర్స్ గేట్ 2. కెనడాలోని బయోవేర్ కంపెనీ 2000లో తెచ్చిన ఆట. మూడో సీడీ నిండా గీతలే. చిత్తూరు వాడు దానికి టూత్‌పేస్ట్ పట్టించి, లుంగీ అంచుతో లోపల్నుంచి బయటికి తుడిచాడు. గుండ్రంగా తుడవకూడదట. పని చేసింది. ఆ రోజు నుంచి గదిలో ఎవరి పేస్టూ వారం దాటి ఉండలేదు.

మేం ఆరుగురం. నేను కాక గుంటూరు, కరీంనగర్, శ్రీకాకుళం, చిత్తూరు, ఖమ్మం. అసలు పేర్లు రాయొద్దని ముందే బతిమాలుకున్నారు, పిల్లలు చదువుతారట. ఆటలో కూడా జట్టుకి ఆరుగురే. ఆ ఆటలో కత్తి తిప్పడం కంటే మాట్లాడటం ఎక్కువ. పేజీలకు పేజీలు ఇంగ్లిష్, అదీ పాతకాలపు ఇంగ్లిష్. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పాపానికి నేను దుబాషీనయ్యాను. తెర మీది మాటలు గట్టిగా చదవాలి, తెలుగులో చెప్పాలి, జవాబు ఏదివ్వాలో అందరూ చేతులెత్తి తేల్చాలి. మౌస్ ఖమ్మం వాడిది. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి అయిదు నిమిషాలకోసారి 'క్యూ' నొక్కి ఆట సేవ్ చేసే ఉద్యోగం గుంటూరు వాడికిచ్చాం. ఈ ఉద్యోగం సంగతి గుర్తుంచుకోండి.

తెలియనివాళ్లకి కొంచెం చెప్పాలి. ఆ ఆటలో ప్రతి మనిషికీ ఒక అలైన్‌మెంట్, అంటే వాడి నడత ఎలాంటిదో చెప్పే గుర్తు, ఉంటుంది. అడ్డంగా లాఫుల్, న్యూట్రల్, కేయాటిక్. నిలువుగా గుడ్, న్యూట్రల్, ఈవిల్. మూడు మూళ్లు తొమ్మిది. ఇది ఆట తయారుచేసినవాళ్ల సొంత తెలివి కాదు, అమెరికాలో కాగితం మీద పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నుంచి తెచ్చుకున్నది. మంచీ చెడూ మావాళ్లకి వెంటనే అర్థమయ్యాయి. చిక్కంతా లాఫుల్ దగ్గరే. 'చట్టబద్ధం' అంటే ఈనాడు ఎడిటోరియల్ చదివినట్టుంది. రెండు రోజులు తన్నుకుని 'పద్ధతి' అన్నాను. పద్ధతైన మంచోడు, పద్ధతైన చెడ్డోడు. కేయాటిక్‌కి 'తిక్క'. నా తర్జుమాకి గదంతా చప్పట్లు. ఆ ఒక్క మాట తర్వాత ఎంత గొడవ తెస్తుందో నాకప్పుడు తెలియదు.

మా పందెం ఇదీ. ఆటలో కొత్త మనిషి జట్టులో చేరగానే, వాడి అలైన్‌మెంట్ రాసి ఉండే రికార్డు పేజీ తెరవకూడదు. రెండు రాత్రులు వాడి మాట, వాడి చేత చూడాలి. తర్వాత ల్యాబ్ రికార్డు వెనక పేజీ చింపి వాడి పేరు రాసి, ఏ గడి అనుకుంటే ఆ గడిలో అంటించాలి. జిగురు ఎక్కడిది, మెస్సులోంచి నాలుగు మెతుకులు జేబులో వేసుకొచ్చేవాళ్లం. అప్పుడు పేజీ తెరిచి చూడటం. తప్పు చెప్పినవాళ్లు మిగతావాళ్లకి టీ, మిర్చి బజ్జీ. ఆ తలుపు చూసి శ్రీకాకుళం వాడు "ఏటిరా ఇది, నవగ్రహాల మండపంలా ఉంది" అన్నాడు. నిజమే. మధ్య గడిలో సూర్యుడు, చుట్టూ ఎనిమిది, ఎవరి ముఖం వాళ్లది.

మిన్స్క్ దగ్గర ఎవరూ ఓడలేదు. బట్టతల, కొండంత మనిషి, భుజం మీద బూ అనే చిట్టెలుక, దానితో సలహా సంప్రదింపులు. తిక్క మంచోడు. (మొదటి భాగంలో వాణ్ని న్యూట్రల్ గుడ్ అన్నారు, రెండో భాగంలో కేయాటిక్ గుడ్ చేశారు. మాకు రెండోదే న్యాయం అనిపించింది.) అనుమతి లేకుండా వీధిలో సరుకు అమ్ముకుంటూ, ముల్లంగిలాంటి దుంపల కథలు గంటలకొద్దీ చెప్పే మరుగుజ్జు జాన్ జాన్సెన్ కేయాటిక్ న్యూట్రల్ అనీ అందరం చెప్పాం. మా ఊళ్లో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఎర్ర అంగీ మాంత్రికుడు ఎడ్విన్ లాఫుల్ ఈవిల్. రూల్సు మాట్లాడుతూ గొంతు కోసే రకం. ఈ గడి నిండగానే చిత్తూరు వాడు కాలేజీ మనుషుల చీటీలు కూడా రాయడం మొదలుపెట్టాడు. వార్డెన్ గారి చీటీ ఏ గడిలో పెట్టామో ఇక్కడ రాయను, సంచిక మొదటి కాపీ ఆయనకే వెళ్తుంది.

జహీరా దగ్గర మాత్రం ఆరుగురం బోర్లా పడ్డాం. భర్త చనిపోయినా నిలబడి, తల్లిలా తిట్టి దారిలో పెట్టే మనిషి. కళ్లు మూసుకుని పద్ధతైన మంచి గడిలో అంటించాం. పేజీలో చూస్తే ట్రూ న్యూట్రల్, నట్టనడి గడి. నేను న్యూట్రల్‌ని 'గోడ మీద పిల్లి' అని చెప్పి ఉన్నాను. ఆవిడ గోడ మీద పిల్లి ఎలా అవుతుందిరా అని అందరూ నా మీద పడ్డారు. ఆవిడ డ్రూయిడ్, ప్రకృతిలో ఏ పక్కా మరీ బరువెక్కకూడదని చూసే మనిషి. పిల్లిని కొట్టేసి 'తూకం' అని రాశాను. టీ డబ్బులు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

ఆటలో మన పేరుప్రతిష్ఠలకి 1 నుంచి 20 దాకా మార్కులుంటాయి. మంచి పేరుంటే దుకాణాల్లో సరుకు చవక. మరీ మంచి పేరొస్తే జట్టులోని చెడ్డవాళ్లు అలిగి వెళ్లిపోతారు. తప్పు చేసి పేరు పోగొట్టుకుంటే గుడికెళ్లి బంగారం సమర్పిస్తే మళ్లీ పెరుగుతుంది. దీన్ని మావాళ్లకి వివరించాల్సిన అవసరమే రాలేదు. "హుండీ" అన్నాడు ఖమ్మం, క్లిక్ చేశాడు.

ఇక అనోమెన్. అనోమెన్ డెల్రిన్ నైట్, అంటే సంఘానికి ప్రమాణం చేసిన వీరయోధుడు, కావాలని ఆశపడే కుర్రాడు. గొప్పలు చెప్పుకుంటాడు, ఊరికే ఉడుక్కుంటాడు. లాఫుల్ న్యూట్రల్. ఒకరోజు కబురొస్తుంది, వాడి చెల్లి మొయిరాని ఎవరో చంపేశారని. ఇంటికెళ్తే తండ్రి, తాగి చితికిపోయిన పెద్దమనిషి, ఇది నా వ్యాపార శత్రువు సైర్క్ పని, వెళ్లి పగ తీర్చుకో అంటాడు. నగరంలో దర్యాప్తు చేసే అధికారిణి ఉంది. ఆవిణ్ని అడిగితే సాక్ష్యం లేదంటుంది. అనోమెన్ మనవైపు తిరిగి ఏం చెయ్యమంటావు అని అడుగుతాడు.

నేను తెలుగులో చెప్పడం ఆపాను. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఇందులో అడిగేదేముంది, నాన్న చెప్పాడు కదా. ఇంట్లో పెద్దాయన మాట కాదని ఇన్‌స్పెక్టరమ్మ మాట వినడం ఏం పద్ధతిరా?" అన్నాడు గుంటూరు.

"అయ్య చెప్తే మనిషిని సంపుతవా? సాక్ష్యం లేదంటుంది గద!" కరీంనగర్.

"రాముడు నాన్న మాట విని అడవికెళ్లాడు."

"అడవికి పొమ్మన్నడు. సంపమన్నడా?"

గుంటూరు వాడు ఒక్క క్షణం ఆగి, "పరశురాముడు?" అన్నాడు.

ఎవరికీ నోట మాట రాలేదు. తండ్రి చెబితే తల్లి తల నరికినవాడు. వాడి చీటీ ఏ గడిలో పెడతాం? శ్రీకాకుళం వాడు కుంభకర్ణుణ్ని లాక్కొచ్చాడు, తప్పని తెలిసీ అన్న పక్కనే నిలబడ్డవాడు. కరీంనగర్ వాడు విభీషణుణ్ని తెచ్చాడు. వెంటనే "ఇంటి గుట్టు లంకకు చేటు" అని ఇద్దరు ఒకేసారి అరిచారు. పక్క గదివాళ్లు తలుపు కొట్టారు, రేపు ఇంటర్నల్స్ అని. ఇంటర్నల్స్ మాకూ ఉన్నాయి.

చేతులెత్తితే నాలుగు పగకి, రెండు వద్దని. వద్దన్నవి కరీంనగర్ చెయ్యీ, నా చెయ్యీ. నా చెయ్యి కూడా సగమే లేచింది. చాలా ఏళ్ల తర్వాత ఒక సంగతి తట్టింది. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో బ్రాంచ్ సొంతంగా ఎంచుకున్నవాడు మా ఆరుగురిలో కరీంనగర్ ఒక్కడే. మిగతా మా అయిదుగురి వెనక నాన్నలు కూర్చుని ఆప్షన్ చెప్పారు.

ఖమ్మం క్లిక్ చేశాడు. సైర్క్ ఇంటికి వెళ్లాం, రక్తపాతం అయింది. గుంటూరు వాడు తృప్తిగా 'క్యూ' నొక్కాడు. తర్వాత నైట్ల సంఘం అనోమెన్‌ని పిలిచి, నువ్వు పనికిరావు పొమ్మంది. వాడు అక్కడే గగ్గోలు పెట్టాడు. రికార్డు పేజీ తెరిచాను. కేయాటిక్ న్యూట్రల్. జాన్ జాన్సెన్ గడి.

"తండ్రి మాట విన్నవాడు తిక్కోడా?" గుంటూరు వాడి గొంతు వణికింది, నవ్వుకోవద్దు. "ఈ ఆట రాసినవాడికి నాన్న లేడా?"

తప్పు నాదే. లాఫుల్ అంటే అక్కడ ఊరంతటికీ ఒకటే కట్టుబాటు, నైట్ల సంఘానికి ఇచ్చిన మాట, అధికారిణి చెప్పిన సాక్ష్యం. నేను చెప్పిన 'పద్ధతి' మా ఇళ్లలోది. భోజనాల దగ్గర నాన్న కంటే ముందు లేవకపోవడం, పెద్దవాళ్లకి ఎదురు చెప్పకపోవడం. రెండూ ఒక మాటలో ఇరికించి అయిదుగురిని నమ్మించాను. ఈ సంగతి ఆ రాత్రే చెప్పి ఉంటే బాగుండేది. టెన్షన్‌లో మింగేశాను.

ఆదివారం టౌన్‌లో నెట్ సెంటర్‌కి పోయి, గంటకి ఇంత అని కట్టి దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఆ కాగితం ఆట తెచ్చినప్పుడు అందులో మంచీ చెడూ గడులే లేవు. లా, న్యూట్రాలిటీ, కేయాస్, ఈ మూడే. మంచిచెడ్డల నిలువు గీత తర్వాత వచ్చి కలిసింది. తొమ్మిది గడులూ పూర్తిగా అచ్చయింది 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో. ఇది చెప్పి గుంటూరు వాణ్ని ఊరడిద్దామనుకున్నాను. "చూశావా, ముందు పుట్టింది పద్ధతే" అని వాడు ఇంకా బిగుసుకున్నాడు.

కరీంనగర్ పట్టుబట్టడంతో వెనక్కి వెళ్లి మళ్లీ ఆడాం. గుంటూరు వాడి 'క్యూ' పుణ్యమా అని పాతదాని మీద కొత్తది పడి దగ్గరి సేవ్ పోయింది, మూడు రాత్రుల కిందటిది దొరికింది. ఆ మూడు రాత్రులూ తిరిగి నడిచాం. ఈసారి పగ వద్దన్నాం. తండ్రి నువ్వు నా కొడుకువే కాదు పొమ్మన్నాడు. అనోమెన్ నైట్ అయ్యాడు, లాఫుల్ గుడ్ గడికి ఎక్కాడు, విజ్డమ్, అంటే వివేకం మార్కు, 12 నుంచి 16కి పెరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. గుంటూరు వాడు కొట్టలేదు. "నాలుగు పాయింట్లకి నాన్నని అమ్ముకున్నాడు" అని మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు.

అనోమెన్ చీటీ ఎక్కడ పెట్టాలో మాత్రం తేలలేదు. గుంటూరు వాడు ఒక గడికి జరుపుతాడు, తెల్లారేసరికి కరీంనగర్ ఇంకో గడికి జరుపుతాడు. మెతుకులకి చీమలు పట్టి చీటీలన్నీ రాలిపోయాయి. చివరికి గుంటూరు వాడు కంపాస్ ముల్లుతో రెండు గడుల మధ్య గీత మీదే, పెయింట్ లేచిపోయేలా, ఆ పేరు చెక్కాడు. తెలుగులోనే.

ఆ తర్వాత ఆ కాగితం ఆటవాళ్లే 2008లో తొమ్మిది గడుల్ని అయిదు చేశారు, 2014లో మళ్లీ తొమ్మిది చేశారు. 2023లో బాల్డర్స్ గేట్ 3 వచ్చింది. దాంట్లో మిన్స్క్, జహీరా మళ్లీ ఉన్నారు, రికార్డు పేజీలో అలైన్‌మెంట్ అన్నదే లేదు. మా వాట్సాప్ గ్రూపులో ఆ కబురు పెడితే కరీంనగర్ "మంచిగైంది" అన్నాడు. గుంటూరు వాడు నీలం టిక్కులు మాత్రం ఇచ్చాడు.

మొన్నటి పూర్వ విద్యార్థుల సమావేశంలో భోజనాల దగ్గర మాకు పదేళ్ల తర్వాతి బ్యాచ్ కుర్రాడొకడు కలిశాడు. అదే గదిలో ఉన్నాడట. "అన్నా, ఆ అల్మరాకి రెండుసార్లు పెయింట్ వేశారు, లోపల ఒక పేరు మాత్రం పోలేదు. అనోమెన్ అని. మీ బ్యాచేనా?" అని అడిగాడు.

నేను నవ్వేలోపే గుంటూరు వాడు పప్పన్నం కలుపుతూ తలెత్తాడు.

"మా రూమ్మేటే," అన్నాడు. "నాన్న మాట విన్నందుకు సప్లీ పెట్టారు."